ఇరవై ఏడో పేజీ

మానసిక అనారోగ్యం అంటే ఏమిటో తన విభాగంలో ఎవరికీ అర్థం కావడం లేదన్న సంగతి స్పెషల్ ఆఫీసర్ జయదేవ్ గారికి సోమవారం పదకొండు గంటలకు తెలిసింది. పదకొండున్నరకల్లా ఆయన దానికి గడువు పెట్టేశారు.

బ్రాడీపేటలోని ఏసీ హాల్లో మైకు పట్టుకుని ప్రకటించారు. "నేటి నుంచి ముప్ఫై రోజుల్లో, మన బాలల సంరక్షణ విభాగంలో పనిచేసే ప్రతి ఒక్కరూ మానసిక అనారోగ్యాన్ని నూటికి నూరు శాతం అర్థం చేసుకుంటారు. ఎలా? ఆ జబ్బుతో బతికినవాళ్ళు రాసుకున్న ఆత్మకథలు చదవడం ద్వారా! దేశంలో ఇదే మొదటిసారి!"

చప్పట్లు మోగాయి. దేశంలో మొదటిసారి అని జయదేవ్ గారు ఏ పథకానికైనా అంటారు. పోయిన నెల సదనాల్లోని చీపుళ్ళకు నంబర్లు వేయించినప్పుడూ అన్నారు. అది మాత్రం నిజమే అయ్యుంటుంది.

చివరి వరసలోంచి సంతోషకుమారి చెయ్యెత్తింది. నల్లపాడు దగ్గర ఆడపిల్లల సదనంలో ఆమె హౌస్ మదర్. నలభై ఇద్దరు పిల్లల తిండీ, జ్వరాలూ, జడలూ, అలకలూ అన్నీ ఆమెవే.

"సార్, ఆత్మకథలు మంచివేనండి. మా దగ్గర మహిమ అనే పాప ఉందండి. పదహారేళ్ళు. మూడు వారాలుగా రెండు ముద్దలకు మించి తినట్లేదు. నిద్రపోదు. పిలిస్తే పలకదు. డాక్టరుకు చూపించడానికి దరఖాస్తు పెట్టాను సార్. మీ సంతకం ఇంకా రాలేదు."

జయదేవ్ గారి ముఖం వెలిగిపోయింది. "చూశారా! లైవ్ కేస్! అమ్మా, ముందు మీరు అర్థం చేసుకోండి. అర్థం చేసుకోకుండా చేయించే వైద్యం అవగాహన లేని వైద్యం అవుతుంది."

ఎంత గొప్ప మాట! పక్కనే ఉన్న క్లర్కు గురునాథం గారు దాన్ని మినిట్స్‌లో రెండుసార్లు రాసుకున్నారు.

మహిమ తల్లిదండ్రులు ఒంగోలు వైపు నుంచి మిరపకోతలకు వచ్చినవాళ్ళు. ఒకే ఏడాదిలో ఇద్దరూ పోయారు. అప్పటి నుంచి కాగితం మీద ఆ పిల్లకు సంరక్షకుడు జయదేవ్ గారే. ఆమెకే కాదు, విభాగంలోని నాలుగు వందల పన్నెండు మంది పిల్లలకూ ఆయనే. ఇంతమంది బిడ్డలున్న మనిషికి ఒక్కొక్కరి ముఖం గుర్తుండాలంటే ఎలా కుదురుతుంది? సంరక్షకుడి సంతకమూ ముద్రా లేనిదే సదనం గేటు దగ్గర వాచ్‌మన్ యలమంద పిల్లను బయటికి వదలడు. ఆ రెండూ లేనిదే ఆసుపత్రిలో ఓపీ చీటీ రాయరు. సంతోషకుమారి రెండుచోట్లా బతిమాలి చూసింది.

పథకం మాత్రం చకచకా నడిచింది. ఆత్మకథలన్నీ ఇంగ్లీషులో ఉండటం వల్ల, ఎవరో ఒకావిడ రాసుకున్న పుస్తకంలోంచి పద్నాలుగు పేజీలు తెలుగు చేయించి, సదనానికొక జిరాక్సు పంపించారు. దాంతోపాటు ఒక ప్రొఫార్మా. మొత్తం పేజీలెన్ని? అర్థమైనవి ఎన్ని? మిగిలినవి ఏ తేదీకల్లా అర్థమవుతాయి? ఇవి కాక, చదువుతున్నట్టు ఫొటో తీసి యాప్‌లో పెట్టాలి.

ఉన్నది ఒకటే జిరాక్సు, సిబ్బంది ఆరుగురు. వంటమనిషి కరీమున్ సరుకుల రిజిస్టరుకు పేపరు అట్ట వేసి పట్టుకుని నిలబడింది.

"అమ్మా, ఇందులో కందిపప్పు లెక్కే ఉంది. పర్లేదా?"

"చదువుతున్నట్టు చూడు, చాలు."

కరీమున్ కందిపప్పు వైపు దీక్షగా చూసింది. రెండు నిమిషాల్లో ఆమె ఫోన్ టింగుమంది. "అభినందనలు! మీ అవగాహన నూరు శాతం."

సంతోషకుమారి మాత్రం, ఏం పొరపాటో గానీ, ఆ పద్నాలుగు పేజీలూ చదివింది. యాప్ అలాంటి పని ఎవర్నీ అడగలేదు. ఆ రాసినావిడ ఎవరో, ఏ ఊరో తెలియదు. "అన్నం పళ్ళెం ముందు నేను మొండికేశానని ఇంట్లో అందరూ అనుకున్నారు," అని రాసింది. "నేను మొండికెయ్యలేదు. చెయ్యి లేవలేదు. ఏమైందని అడిగేవాళ్ళు చాలామంది ఉండేవాళ్ళు. అడక్కుండా పక్కన కూర్చునేవాళ్ళు కావాలనిపించేది."

సంతోషకుమారి కాగితాలు పక్కన పెట్టేసింది. పోయినవారమే మహిమను "పొగరెక్కింది నీకు" అని అందరి ముందూ తిట్టింది. ముక్కు మూసి అన్నం కుక్కింది కూడా. "ప్రభువా, ఎంత పని చేశాను!" అనుకుంది.

ఆ సాయంత్రం నుంచి రోజూ, మహిమ కూర్చునే కిటికీ పక్కన తనూ ఒక స్టూలు వేసుకుని చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ కూర్చుంది. ఏమీ అడగలేదు. నాలుగో రోజు మహిమ చెయ్యి చాపి ఒక చిక్కుడుకాయ తీసుకుంది. ఒలుస్తూ, ఎవరితోనో అన్నట్టు అంది.

"లోపల ఎవరో తిడుతుంటారు ఆంటీ. ముద్ద ఎత్తితే, నీకెందుకే తిండి అంటారు. పడుకుంటే, లేవమంటారు. ఆపమంటే ఆపరు."

మర్నాడు పొద్దున్నే సంతోషకుమారి ఆఫీసుకు పరిగెత్తింది.

"ఫైలు కదుల్తోందమ్మా," అన్నారు గురునాథం గారు.

"ఎక్కడికండీ?"

"ఈ బల్ల మీంచి ఆ బల్ల మీదకి. అక్కడ సందేహం వచ్చి మళ్ళీ ఇక్కడికి."

"ఏం సందేహమండీ?"

"అది ఫైల్లో ఉంటుంది."

అంతలో జయదేవ్ గారు గదిలోంచి బయటికొచ్చి ఆమెను చూశారు. "మీరేగా ఆ రోజు డౌటు అడిగింది? చురుకైనవారు! మన పిల్లల ఆత్మకథలతోనే ఒక పుస్తకం వేస్తున్నాం. మీరే సంపాదకురాలు. నాలుగు కథలు చాలు. ప్రతి కథా చివర్లో జబ్బు నయమైపోవాలి. పిల్లల పేర్లు మాత్రం అచ్చులో రాకూడదు, రూలు ఒప్పుకోదు."

"నయం కాకపోతేనండి?"

"ఇరవయ్యో తేదీన ఆవిష్కరణ. ఆలోపు నయం చేయించండి," అని ఆయన కారెక్కారు.

పుస్తకానికి 'వెలుగు వాకిలి' అని జయదేవ్ గారే పేరు పెట్టారు. అట్ట మీద వెలుగు లేదు, వాకిలి లేదు, జయదేవ్ గారున్నారు. లోపల ఆయన సందేశం, ఆయన జీవిత విశేషాలు, మొక్కలు నాటుతున్న ఫొటోలు కలిపి ఇరవై రెండు పేజీలు. పిల్లలకు మిగిలినవి ఆరు. సంతోషకుమారి మూడు కథలు ఆదేశానుసారం శుభంగా ముగించింది. నాలుగోది ఇరవై ఏడో పేజీలో మహిమ మాటలు. ఒక్క ముక్క మార్చలేదు. వాటి కింద, ఆఖరి పేరాలా కనిపించేట్టు రెండు వాక్యాలు చేర్చింది.

'ఈ పుస్తకంతో పాటు వచ్చిన బిడ్డకు మానసిక వైద్యం చేయించడానికి సంరక్షకుడిగా నేను అంగీకరిస్తున్నాను. ఆసుపత్రివారు వెంటనే చూడవలసిందిగా కోరుతున్నాను.'

దాని కింద చుక్కల గీత.

ప్రెస్సు యజమాని గౌస్ బాషా కళ్ళజోడు పైకెత్తి ఆమె వంక చూశాడు. "సంతోషమ్మగారూ, ఇది కథేనంటారా?"

"కథేనండీ. ముగింపు సారుగారు రాయాలి."

ప్రూఫు ఆఫీసుకు వెళ్ళింది. గురునాథం గారు పేజీలు లెక్కపెట్టి, అట్ట మీద సారు ముక్కు సరిగా పడిందో లేదో చూసి 'ఓకే' రాశారు.

ఆవిష్కరణ సదనం ఆవరణలోనే పెట్టారు. పక్కనే మిర్చి కోల్డ్ స్టోరేజీ. ఆ రోజు లారీల్లోంచి సరుకు దించుతున్నారేమో, గాలి ఇటు తిరిగింది. జయదేవ్ గారు మైకు అందుకునేసరికి వేదికంతా ఘాటు.

"ఈ గ్రంథాన్ని నేను మూడుసార్లు చదివాను," అన్నారాయన. "చదివిన ప్రతిసారీ..." గొంతు పట్టేసింది. కళ్ళవెంట నీళ్ళు ధారగా కారాయి. విలేకరులు ముందుకు తోసుకొచ్చి ఫొటోలు తీశారు. వెనక వరసలో యలమంద కూడా ఏడ్చాడు, అతను పుస్తకం చూడనైనా లేదు.

గురునాథం గారు అప్పుడే రిబ్బను విప్పి ఇచ్చిన పుస్తకాన్ని జయదేవ్ గారు ఎప్పుడు మూడుసార్లు చదివారో, సంతోషకుమారికి అంతుపట్టలేదు. పెద్దవాళ్ళ వేగం మనకెక్కడ వస్తుంది?

సభ అయ్యాక ఆమె అరవై కాపీలు బల్ల మీద పేర్చింది. "సార్, ప్రతి కాపీ మీదా మీ సంతకం కావాలని అందరూ అడుగుతున్నారండి." ఇరవై ఏడో పేజీ తెరిచి పెట్టింది. చుక్కల గీత ఎదురుగా ఉంది.

కెమెరాల వైపు నవ్వుతూ జయదేవ్ గారు సంతకం చేశారు. గీత చూస్తే ఆయన చెయ్యి ఆగదు. ఇక గురునాథం గారికి ఇరవై ఆరేళ్ళుగా ఒక అలవాటు. సారు సంతకం ఎక్కడ కనిపించినా, కింద ఆఫీసు ముద్ర వేసేస్తారు. పెళ్ళి కార్డు మీద సారు సంతకానికీ ఒకసారి వేశారు. జేబులోంచి ముద్రా, ఇంకు ప్యాడూ తీసి, సారు వెనకే ఒక్కొక్క కాపీ మీదా టప్ టప్ అని కొట్టుకుంటూ వచ్చారు. అరవై సంతకాలు, అరవై ముద్రలు.

మంగళవారం పొద్దున సంతోషకుమారి మహిమను వెంటబెట్టుకుని గేటు దగ్గర పుస్తకం తెరిచింది. యలమంద వేలు పెట్టి ముద్ర చుట్టూ గుండ్రంగా తిప్పి చూసి, గేటు తీశాడు. ఆసుపత్రి కౌంటర్లో మనిషి అట్టా, ముద్రా, సంతకమూ చూసి, "పుస్తకంగా ఇచ్చారేంటండీ?" అన్నాడు.

"మా విభాగంలో అంతేనండి. దేశంలో ఇదే మొదటిసారి."

చీటీ రాసిచ్చాడు.

డాక్టర్ ఆశ్రిత చిన్న వయసు మనిషి. ఆమె ఇరవై ఏడో పేజీ మొదటి అక్షరం నుంచి చివరి దాకా చదివింది. ఆ పుస్తకానికి ఆమే తొలి పాఠకురాలు. మళ్ళీ చదివింది. తర్వాత మహిమతో ముప్పావుగంట మాట్లాడింది, ఎక్కువగా విన్నది. బయటికొచ్చి సంతోషకుమారితో అంది. "దీనికి మందులున్నాయమ్మా. నెమ్మదిగా తగ్గుతుంది. ఇంకో వారం ఆలస్యమైతే మాత్రం సెలైన్ ఎక్కించాల్సి వచ్చేది." సంతోషకుమారి అక్కడే బెంచీ మీద కూలబడి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. చుట్టుపక్కల ఎక్కడా మిర్చి లేదు.

మూడు వారాలకు మహిమ ఐదు ముద్దలు తింటోంది. తిట్లు ఆగలేదు గానీ, గొంతు తగ్గిందట. ఆ రోజే ఆఫీసు నుంచి ఒకే కవర్లో రెండు కాగితాలు వచ్చాయి.

మొదటిది సంతోషకుమారి దరఖాస్తుకు జవాబు. 'సదరు బాలిక పూర్తిగా కోలుకున్నట్టు విభాగం ప్రచురించిన గ్రంథం ద్వారా రుజువైనందున, వైద్యుని వద్దకు తీసుకువెళ్ళుటకు అనుమతి నిరాకరించడమైనది.' కింద సంతకం, ముద్ర.

"ఏం కాగితం ఆంటీ?" అంది మహిమ.

"నీకు పూర్తిగా నయమైపోయిందట."

"ఎవరన్నారు?"

"మీ గార్డియన్ గారు."

మహిమ కాగితం తిప్పి చూసింది. "అయితే లోపల తిట్టేవాళ్ళకు కూడా ఒక కాపీ పంపించమనండి," అంది. సంతోషకుమారి పకపకా నవ్వింది. మహిమ కూడా కొంచెం నవ్వింది.

రెండో కాగితం సర్క్యులర్. 'వెలుగు వాకిలి'కి లభించిన విశేష ఆదరణ దృష్ట్యా, సదనాలన్నిటికీ పంచడానికి వెయ్యి కాపీలు మళ్ళీ అచ్చు వేయించాలని ఆదేశం. ప్రతి కాపీ మీదా సంతకం చేసే తీరిక స్పెషల్ ఆఫీసర్ గారికి లేనందున, ఇరవై ఏడో పేజీలో సంతకాన్నీ ముద్రనూ అచ్చులోనే వేయించే బాధ్యత సంపాదకురాలిదే.

సంతోషకుమారి ఆ ఆదేశాన్ని వెంటనే అమలు చేసింది. ఆటో ఎక్కి బ్రాడీపేట వెళ్ళి కాగితం గౌస్ బాషా ముందు పెట్టింది.

"అట్ట మీద ఫొటో కాస్త మసకేసినా పర్లేదు బాషా గారూ," అంది. "సంతకం మాత్రం బాగా నల్లగా రావాలి."