లాకు దగ్గర మా అత్తగారి కుడికన్ను

కాలువ మీద పడవ ప్రయాణాన్ని తిట్టేవాళ్ళని చూస్తే నాకు జాలేస్తుంది. ఎక్కడికో చేరాలన్న యావ తప్ప వాళ్ళకి జీవితంలో మరో ధ్యాస లేదు!

అసలు చేరడమనేది ఎంత నాసిరకం ఆనందమో ఎప్పుడైనా ఆలోచించారా? చేరగానే ఏముంటుంది? ఆఫీసుంటుంది. ఆఫీసులో పనుంటుంది. ఆ పని పక్కనే ఆఫీసరుంటాడు. చేరనంతసేపే మనిషి మహారాజు!

ఈ సత్యాన్ని కనిపెట్టింది మా ఊరి జలరవాణా శాఖ. కనిపెట్టి ఊరుకుందా? మనకందరికీ ఆ రాజయోగం పట్టించాలని కంకణం కట్టుకుని, గట్టు మీద తిరిగే సిటీబస్సులను రద్దు చేసి కాలువలో పడవలు వేసింది. రేవు రేవుకీ బోర్డు పెట్టింది: ‘నీటిబాట, నిశ్చింతబాట’.

ఆ నిశ్చింత ఎలాంటిదో మొన్న కళ్ళారా చూశాను. మా అత్తగారికి మాత్రం కళ్ళారా చూసే వీలు లేదు. ఆవిడ ఎడమకన్ను ఏనాడో పోయింది. ఉన్న ఒక్క కుడికన్నుకీ శుక్లం పట్టింది. దానికి ఆపరేషన్ చేయించడానికే మేమిద్దరం పడవెక్కాం. పెద్ద డాక్టరుగారు పదకొండింటికి థియేటర్లోకి వెళ్ళిపోతారు. ఆలోపు రానివాళ్ళ పేరు కొట్టేస్తారు. మళ్ళీ తేదీ చలికాలం వెళ్ళాకే!

ఆవిడకి బొంతలు కుట్టడం ప్రాణం. చేతి అలవాటు మీద కుట్టు పడిపోతుంది గానీ, సూదిలో దారం ఎక్కదు. అందుకని మా ఆవిడ రోజూ ఆఫీసుకి వెళ్ళేముందు వరసగా సూదులన్నిటికీ దారాలెక్కించి దిండుకి గుచ్చి వెళుతుంది. ఆ పొద్దున మాత్రం అత్తగారు ఒప్పుకోలేదు.

“ఇవాళ ఎక్కించకే. కట్టు విప్పాక నేనే ఎక్కించుకుంటా” అన్నారు.

చూశారా, ఎంత తొందరో! ఇలాంటి తొందర మనుషులకి బుద్ధి చెప్పడానికే భగవంతుడు పడవలు పుట్టించాడు.

ముందు రేవు సంగతి చెబుతాను. బస్సుల రోజుల్లో ఏముండేది? బస్సు వచ్చేది, ఎక్కేవాళ్ళం, పోయేది. పక్కవాడి మొహం కూడా తెలిసేది కాదు. ఇప్పుడో? మా రేవులో పడవ కోసం చూస్తూ చూస్తూ ఒక టైపిస్టుకీ ఒక కాంపౌండరుకీ పరిచయమైంది, ప్రేమైంది, పెళ్ళి కుదిరింది, మాటా మాటా పెరిగి చెడిపోయింది కూడా. ఇదంతా ఒక్క పడవ వచ్చేలోపు! ఏ బస్సు చేయగలదండీ ఈ పని?

ఇక పడవెక్కాక వంతెనలు. కాలువలో పడవలు తిరుగుతాయని కలలో కూడా అనుకోని రోజుల్లో కట్టినవి. వంతెన దగ్గరపడగానే పడవ నడిపే సరంగు “తలలూ!” అని కేకేస్తాడు. అంతే, జడ్జీ వంగుతాడు, జేబుదొంగా వంగుతాడు. ఇంతకన్నా సమానత్వం ఎక్కడుంది? ఒక ప్లీడరుగారు మాత్రం, “నేనెవరికీ తల వంచను” అన్నాడు. ఆయన నుదుటి మీద బొప్పిని ఇప్పుడు కోర్టంతా గౌరవంగా చూస్తోందట.

గుర్రపుడెక్క గురించి అపోహలు మానండి. కాలువంతా పరుచుకున్న ఆ కలుపు ప్రొపెల్లర్‌కి చుట్టుకోగానే ఇంజన్ ఒక్క దగ్గు దగ్గి ఊరుకుంటుంది. వెంటనే మగవాళ్ళందరం ప్యాంట్లు మడిచి, కొక్కేలు పట్టుకుని, ఐలెస్సా అంటూ లాగుతాం. ఊళ్ళో జిమ్ముకి వేలు పోసి తాళ్ళు లాగే వెర్రివాళ్ళున్నారు. మాకు టిక్కెట్టులోనే!

భద్రతంటారా? లోటేమీ లేదు. లైఫ్ జాకెట్లన్నీ సీట్ల కింద పెట్టెలో పెట్టి, ఎవరూ ఎత్తుకుపోకుండా తాళం వేశారు. తాళంచెవి హెడ్డాఫీసులో ఉంది. మునిగే ఉద్దేశం ఉన్నవాళ్ళు ముందురోజే వెళ్ళి చెప్పుకుంటే సరి.

ఇన్ని సుఖాలు పడుతూ మేం లాకు దగ్గరికి చేరాం. లాకంటే ఏమిటో పడవెక్కని దురదృష్టవంతుల కోసం చెబుతాను. కాలువ అక్కడ రెండు మెట్లుగా ఉంటుంది. మధ్యలో రెండు వైపులా తలుపులున్న పెద్ద తొట్టి. పడవ అందులోకి వెళ్ళాక వెనక తలుపు మూసి, నీళ్ళు నింపి, పడవని పైమెట్టుకి లేపి, ముందు తలుపు తీస్తారు. తొట్టి నిండిన ప్రతిసారీ పైనుంచి బోలెడు నీళ్ళు పోతాయి గనక, పొదుపు కోసం శాఖ ఒక రూలు పెట్టింది: నాలుగు పడవలు పోగైతే గానీ తలుపు తీయకూడదు.

బంగారం లాంటి రూలు! చిన్న చిక్కల్లా ఒకటే. శాఖకి ఉన్నవి మూడు పడవలు.

మూడూ అక్కడే ఉన్నాయి, గట్టుకి కట్టేసి. నాలుగోదిగా ఏ ఇటుకల పడవో దయతలచి రావాలి. మూడు పడవల జనమూ కళ్ళల్లో వత్తులేసుకుని ఇటుకల పడవ కోసం చూస్తున్నాం. గుళ్ళో దేవుడి కోసం కూడా నేనంత భక్తిగా ఎదురుచూడలేదు.

నేను గట్టెక్కి లాకు గుమాస్తా దగ్గరికెళ్ళాను. నిమ్మకు నీరెత్తినట్టు కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

“అయ్యా, పెద్దావిడ. కంటి ఆపరేషన్. పదకొండు దాటితే పేరు కొట్టేస్తారు. పుణ్యముంటుంది, తలుపు తీయండి.”

“తీద్దునండీ. నాదేం పోయింది? నాలుగో పడవ రావాలి గదా!”

పడవలోంచి మా అత్తగారు గొంతెత్తారు. “నన్నే నాలుగో పడవగా లెక్కేసుకో బాబూ! నా బరువు గురించి మా అల్లుడుగారు ఇంట్లో అంటూనే ఉంటారు.”

మూడు పడవలూ నవ్వాయి. గుమాస్తా కూడా నవ్వాడు. తలుపు మాత్రం తీయలేదు.

అప్పుడు వెనకనుంచి హారన్ వినబడింది. తిరిగి చూస్తే తెల్లటి లాంచీ! కిటికీలకి పరదాలు, లోపల సోఫాలు, ముందు శాఖవారి జెండా. నాలుగో పడవ! జనం చప్పట్లు కొట్టారు. నేను ఒక్క గెంతులో మళ్ళీ మా పడవలో పడ్డాను. ముగ్గురు సరంగులూ గబగబా తాళ్ళు విప్పేశారు. గుమాస్తా కుర్చీ తన్నేసి పరుగెత్తాడు.

పరుగెత్తి మావైపే చెయ్యి అడ్డం పెట్టాడు. “మీరాగండి, మీరాగండి! సార్ల లాంచీ వెళ్ళాలి!”

“మరి నాలుగో పడవ వచ్చింది గదయ్యా?”

“అది పడవ కాదండీ, తనిఖీ!”

“నీళ్ళ పొదుపో?”

“సార్ల లాంచీకి నీళ్ళు ఖర్చవవండీ” అన్నాడు. ఎగతాళికి కాదు, నిజంగానే నమ్మి చెప్పాడు మహానుభావుడు.

లాంచీ మా పక్కనుంచే మెల్లగా జారుకుంటూ ముందుకి సాగింది. మీరు గమనించే ఉంటారు, పక్కనున్నది కదిలితే మనమే కదిలినట్టు ఉంటుంది. మా అత్తగారు నా మోచెయ్యి పట్టుకుని, “హమ్మయ్య, కదిలాం అల్లుడుగారూ! అందుకుంటాంలెండి” అన్నారు. ఆవిడకి శుక్లం. మరి కళ్ళున్న నాక్కూడా ఒక్క క్షణం అలాగే ఎందుకనిపించింది? లాంచీ దాటిపోయాక చూస్తే, గట్టు మీద రాయి ఉన్నచోటే ఉంది.

తనిఖీ దేనికో కూడా అప్పుడే తెలిసింది. లాంచీ మీద నిలబడిన ఒకాయన కెమెరా ఎత్తి, “ప్రయాణికుల సౌకర్యాల మీద పుస్తకం వేస్తున్నాం. అందరూ ఒకసారి నవ్వండి!” అన్నాడు. మా అత్తగారు కొంగు సర్దుకుని నవ్వి, చెయ్యి కూడా ఊపారు. ఆ పుస్తకం మీ చేతికొస్తే చూడండి. ఆనందంగా చెయ్యూపుతున్న ప్రయాణికురాలు ఆవిడే.

తొట్టెడు నీళ్ళూ ఆ లాంచీకే సరిపోయాయి. తొట్టిని మళ్ళీ ఖాళీ చేసి మా మెట్టుకి తెచ్చాక, మళ్ళీ ఇటుకల పడవ కోసం చూపులు మొదలయ్యాయి. అది వచ్చింది. మేం వెళ్ళాం. ఆస్పత్రిలో నర్సమ్మ మంచి మనిషి. “అయ్యో పెద్దమ్మా, డాక్టరుగారు లోపలికి వెళ్ళిపోయారే!” అని, చలికాలం తర్వాతి తేదీ ఇచ్చింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మాట ఇక్కడ రాయకూడదు, ఇది పొగడ్త వ్యాసం.

తిరుగు పడవలో అత్తగారు, సరంగు “తలలూ!” అన్నప్పుడల్లా బుద్ధిగా వంగారు, లేచారు. లాకు దగ్గర మళ్ళీ ఆగాక అడిగారు.

“అల్లుడుగారూ, ఆ తెల్ల లాంచీ వాళ్ళు కూడా కళ్ళాస్పత్రికేనా వెళ్ళింది?”

“ఎందుకలా అనుకున్నారు అత్తయ్యగారూ?”

“మూడు పడవల జనం ఎదురుగా కూర్చునుంటే కనబడలేదుగా పాపం! నాకైతే మసగ్గా అయినా ఆనుతారు. కళ్ళతో చూడలేకే కాబోలు ఫోటో తీసుకుపోయారు. ఇంటికెళ్ళి ఎవరిచేతనైనా చెప్పించుకుంటారు. పోనీండి, నాకంటే వాళ్ళకే అవసరం. ముందు వాళ్ళకే చెయ్యనివ్వండి.”

ఆవిడ మనసు పెద్దది. నాదీ చిన్నదేం కాదు. అందుకే ఈ వ్యాసం ద్వారా శాఖవారికి ఒక విన్నపం చేస్తున్నాను. అయ్యా, మీరంతా తక్షణం కళ్ళాస్పత్రికి బయల్దేరండి. మా అత్తగారి తేదీ కూడా మీరే తీసుకోండి. ఆవిడకేం తొందర లేదు, మా ఆవిడ మళ్ళీ పొద్దున్నే లేచి సూదులకి దారాలెక్కిస్తూనే ఉంది.

కానీ కారులో వద్దు. తెల్ల లాంచీ కూడా వద్దు. ఇన్ని వరాలు మాకే ఇచ్చేసి మీరు పస్తుంటే మాకు పాపం తగులుతుంది. మా రేవులోనే, మా పడవే ఎక్కండి. పదకొండులోపు చేరాలి సుమా!

నాలుగో పడవ కోసం మీరు లాకు దగ్గర కూర్చున్నప్పుడు నేను గట్టు మీదే ఉంటాను, కెమెరాతో. నవ్వమని అడుగుతాను. నవ్వాలి మరి!