పునీతుడి మెడ మీద బాటిస్టా

ఆ శనివారం ఉదయం బాటిస్టా పెట్టుకున్న పని ఒక్కటే. కూతురు ఇర్మా కంప్యూటర్‌తో నడిపే మిషన్ చెక్కిన ఫ్లోరియన్ పునీతుడి మొండేన్ని తెచ్చుకుని, పైన వదిలిన చెక్కముద్దలో మొహం తన చేత్తో చెక్కాలి. ఓర్తిసేయి అనే ఆ కొండ ఊళ్ళో తాతల నాటి నుంచి పునీతుల్ని చెక్కే ఇల్లు వాళ్ళది. మంటల నుంచి కాపాడే ఆ పునీతుణ్ణి అగ్నిమాపక దళం ఊరేగించేది మర్నాడే.

షెడ్డు తలుపు తీసేసరికి విగ్రహం తలతో సహా నిలబడి ఉంది. చేతిలో బకెట్, కాళ్ళ దగ్గర మంటలు, శిరస్త్రాణం కింద ముడిపడ్డ కనుబొమలు, తెరిచిన నోరు, ముక్కు పక్కన పులిపిరి. అచ్చంగా బాటిస్టాయే.

"ఇర్మా! ఏమిటే ఈ అఘాయిత్యం?"

ఇర్మా మొహం పాలిపోయింది. "మొన్న కొత్త స్కానర్ పనిచేస్తుందో లేదో చూడ్డానికి తీసిన నీ తల బొమ్మ, కంప్యూటర్‌లో దీనికి అతుక్కుపోయినట్టుంది నాన్నా."

"అతుక్కోడానికి అదేమన్నా తపాలా బిళ్ళా?"

"స్కానర్ ముందు నోరు తెరుచుకుని రాయిలా నిలబడింది నువ్వేగా!"

"కోపంతో బిగుసుకుపోయానే!"

బాటిస్టా ఉలి ఎత్తాడు. "నా పని మీద చెయ్యి వేశావో!" అంటూ ఇర్మా ఆయన మణికట్టు పట్టుకుంది. అంతలో బయట దళనాయకుడు వీజిల్ గొంతు వినిపించింది. బాటిస్టా గబుక్కున బంగాళాదుంపల సంచి తీసి విగ్రహానికి తొడిగాడు. వీజిల్ వస్తూనే దాన్ని లాగేశాడు.

"ఓరి నీ దుంపతెగ! ఊరంతా నీకు మొక్కాలట్రా?"

"నేను చెయ్యలేదురా!"

"మరి నీ మొహం తనంతట తనే ఎక్కి కూర్చుందా?"

ఆ కేకలకి ఎదురుగా ఉన్న బారు మొత్తం ఖాళీ అయి షెడ్డులోకి వచ్చింది. బతికుండగానే బాటిస్టా పునీతుడయ్యాడని ఎవరో అన్నారు. కొవ్వొత్తి తెమ్మన్నారు ఇంకెవరో. బాటిస్టా నరాలు ఉబ్బాయి.

"బయటికి నడవండి అందరూ!"

జనం ఆయన్ని చూశారు, విగ్రహాన్ని చూశారు. రెండు నోళ్ళూ ఒకేలా తెరుచుకుని ఉన్నాయి. ఇక పట్టలేక బాటిస్టా ఉలి విగ్రహం ముక్కు మీదికి ఎక్కుపెట్టాడు. వీజిల్ అడ్డుపడ్డాడు.

"ఆగరా! పురుగు తిన్న మా పాత ఫ్లోరియన్ పూలమొక్కలకి నీళ్ళు పోస్తున్నట్టు నవ్వుతూ ఉండేవాడు. ఈయన్ని చూస్తే ఎక్కడో కొంప అంటుకుందని తెలుస్తోంది. మాకు ఈయనే కావాలి."

"నా శవం మీద నుంచి తీసుకెళ్ళండి!" అన్నాడు బాటిస్టా. ఆయన పక్క నుంచే తీసుకెళ్ళారు.

మర్నాడు ఊరేగింపులో పోలికలు ఎవరూ పట్టకూడదని బాటిస్టా ఆద్యంతం నవ్వుతూ నడిచాడు. నిజంగానే ఆయన్ని ఎవరూ గుర్తుపట్టలేదు.