శాంపిల్ దీవి

మీరంతా అడుగుతున్నారు కాబట్టి చెబుతున్నాను. మా కింది వాటా మాస్టారి గది పైకప్పుకు నడిమధ్యన ఆ నీలం మచ్చ ఎలా వచ్చిందంటే, మేము చలికాలం సెలవులకు దీవికి వెళ్దామనుకోవడం వల్ల వచ్చింది.

నేను పెయింట్ల షాపులో రంగులు కలుపుతానని మీకు తెలుసు. ఆ రోజు ఎవరో వాళ్ళ స్నానాలగదికి అటు నీలమూ కాక, ఇటు ఆకుపచ్చా కాక, మధ్యరకం రంగొకటి కావాలన్నారు. బయట ఎదురు షాపు బోర్డు కూడా కనపడనంత మంచు. డబ్బాలో పుల్ల పెట్టి తిప్పుతుంటే ఆ రంగు మెల్లగా సముద్రమైపోయింది. అందులో నేను వెల్లకిలా తేలుతున్నాను. ఎండ వెచ్చగా పొట్ట మీద పడుతోంది. ఎవరూ "నాన్నా" అని పిలవడం లేదు. కస్టమరు వచ్చి భుజం తట్టేసరికి ఇరవై నిమిషాలుగా తిప్పుతూనే ఉన్నానట.

ఇంటికెళ్ళగానే దీవి సంగతి ప్రకటించాను. మా ఆవిడ వద్దనలేదు. ఏ దీవి అన్న దగ్గరే పేచీ వచ్చింది.

ఆవిడ చూసిపెట్టిన దీవిలో పిల్లలకు వేరే గది ఉంది, ఆయాలు ఉన్నారు, డాక్టరు ఉన్నాడు. పొద్దున్నే ఏడింటికి అందరూ కలిసి వ్యాయామం, పది గంటలకు తండ్రులకు బకెట్లతో పరుగుపందెం కూడా ఉన్నాయి. అది చదివి నాకు అక్కడికక్కడే ఆయాసం వచ్చింది. నేను చూసిపెట్టిన దీవిలో పదమూడు పాకలున్నాయి. ఇంకేమీ లేదు. అదే దాని గొప్ప.

"మరి పాప ఏం చేస్తుందండీ అక్కడ?" అంది మా ఆవిడ.

పాపంటే మా అమ్మాయి. నాలుగేళ్ళు. మంచి పేరే పెట్టాం గాని ఇంట్లో సుడిగాలి అంటేనే పలుకుతుంది.

"ఇసుకుంది, నీళ్ళున్నాయి, ఎండ ఉంది. పిల్లలకు ఇంకేం కావాలోయ్? తన పాటికి తను ఆడుకుంటుంది. మనిద్దరం హాయిగా పడుకుంటాం."

"తన పాటికి తనా? మన పాపేనా?"

"మన పాపే."

"మీరెప్పుడు చూశారు?"

నేను నా దీవి బొమ్మ మళ్ళీ చూపించబోయాను. ఆవిడ వదల్లేదు.

"షాపుకొచ్చినవాళ్ళందరికీ మీరు చెప్పే మాట ఒకటుందిగా, అది చెప్పండి."

నా మాట ఊరంతా తెలిసిందే. కార్డు మీద రంగు చూసి డబ్బా కొనకండి, మూరెడు మేర మీ గోడకే వేసి, పగలంతా చూసుకుని అప్పుడు కొనండి అంటాను. పదిహేనేళ్ళుగా అదే పాట.

"అయితే మనింట్లో మూరెడు దీవి వేసి చూపించండి," అంది. "ఆదివారం ఒంటిగంట నుంచి అయిదు దాకా. నేను పడక కుర్చీలో పడుకుంటాను. పాప తన పాటికి తను ఆడుకుంటే మీ దీవికే వెళ్దాం. నన్ను లేపితే మాత్రం నా దీవి."

"లేపదు," అన్నాను మీసం దువ్వుకుంటూ. అప్పటికే నా బుర్రలో పథకం తయారైపోయింది. గంట నోరు మెదపకుండా ఉంటే ఒక చాక్లెట్ అని సుడిగాలితో లోపాయికారీ ఒప్పందం చేసుకున్నాను. నాలుగు గంటలకు నాలుగు చాక్లెట్లు. మొదటి తప్పు, నాలుగూ ఒకేసారి చేతికివ్వడం.

ఆదివారం ముందు గదిలో కుర్చీలన్నీ తీసేశాను. పక్కవీధిలో ఇల్లు కడుతున్న మేస్త్రీని బతిమాలి రెండు బస్తాల ఇసుక తెచ్చి దుప్పటి మీద పోశాను. పాత పక్కదుప్పటికి నీలం రంగేసి గోడకు కట్టాను. పెద్ద టబ్బు నిండా గోరువెచ్చటి నీళ్ళు పోశాను. హీటరు పూర్తిగా తిప్పాను. అంతా బాగానే ఉంది గాని నీళ్ళు మరీ నీళ్ళలా ఉన్నాయి. పదిహేనేళ్ళు రంగులు కలిపిన చేతులు ఊరుకుంటాయా? తెల్లబట్టలకు పెట్టే నీలిమందు సీసా తెచ్చి రెండు చుక్కలు వేశాను. చాలలేదు. ఇంకాస్త వేశాను. చివరికి స్నానాలగది రంగు దిగింది. నా దీవి నాకే ముద్దొచ్చింది.

మా ఆవిడ పడక కుర్చీలో వాలి, ఒక్కసారి గదంతా చూసి, కళ్ళు మూసుకుంది. కిటికీ అద్దాలకు ఆవిరి పట్టింది. వీధి, మంచు, చలి అన్నీ అద్దం అవతలే ఉండిపోయాయి. గదిలో నీలం వెలుతురొకటి మెల్లగా ఊగుతోంది. నాకూ కళ్ళు మూతలు పడుతున్నాయి.

"నాన్నా, చాక్లెట్లు అయిపోయాయి."

గడియారం చూశాను. ఒంటిగంటా ఏడు నిమిషాలు.

"ష్. అమ్మ లేస్తుంది. ఆడుకో తల్లీ."

"సముద్రంలో చేపలేవీ?"

"నువ్వే చేపవి."

"కాదు. నువ్వే. పెద్ద చేప. తిమింగలం."

నేను ఇసుకలో బోర్లా పడుకుని ఈదాను.

"తిమింగలం అరుస్తుంది కదా?"

"ఇది మూగదమ్మా," అన్నాను గొంతు దించి.

ఆ మూగ తిమింగలం గంటసేపు గది చుట్టూ తిరిగింది. వీపు మీద సుడిగాలి. ఆ తర్వాత తిమింగలం పడవైంది, పడవ మునిగింది, మునిగినవాణ్ణి నేనే కాపాడుకున్నాను. కోట కట్టాను, తను కూల్చింది. మళ్ళీ కట్టాను. ఇదంతా గుసగుసల్లోనే జరగాలి. మా ఆవిడ కాస్త కదిలినప్పుడల్లా నేను చటుక్కున గోడకు ఆనుకుని, కాలు మీద కాలేసుకుని, పని లేనివాడి మొహం పెట్టేవాణ్ణి.

మధ్యలో సుడిగాలి టబ్బులో దూకింది. సగం సముద్రం బయటకొచ్చింది. లేచి చూస్తే పిల్ల నఖశిఖపర్యంతం నీలం. నేలంతా చిన్నచిన్న నీలం అడుగులు, నా చొక్కా మీద రెండు నీలం అరచేతులు.

సరిగ్గా మూడింటికి తలుపు చప్పుడైంది. కింది వాటా మాస్టారు. రిటైరైన లెక్కల మాస్టారాయన. మా ఇంట్లో గరిటె పడినా మెట్లెక్కి వస్తారు.

"ఏమిటయ్యా ఇది? మా సీలింగ్..."

"మాస్టారూ, కాస్త మెల్లగా. మా ఆవిడ నిద్రపోతోంది."

ఆయన గొంతు తగ్గించారు. కోపం మాత్రం తగ్గించలేదు.

"మా సీలింగ్ నుంచి నీలంగా కారుతోంది," అన్నారు గుసగుసగా. "ఏమిటది?"

"సముద్రమండీ."

"నా మంచం మీద పడుతోంది!"

"నేనొచ్చి రంగేసి పెడతాను. ముందు లోపలికి రండి, వేడి బయటకు పోతోంది."

ఆయన తిట్టడానికే లోపలికొచ్చారు. ఇసుక చూశారు, నీలం వెలుతురు చూశారు. చెప్పులు విడిచి, మఫ్లరు విప్పి, "అబ్బ, వెచ్చగా ఉందయ్యా" అంటూ గోడకు చేరగిలపడ్డారు. రెండు నిమిషాల్లో గుర్రు మొదలైంది. సుడిగాలి ఆయన కాళ్ళను మోకాళ్ళ దాకా ఇసుకలో పూడ్చింది.

నేను మాత్రం నిలబడే ఉన్నాను. నడుము పట్టేసింది. అప్పుడు తట్టింది నాకు. రెండు గంటలకే ఇలా ఉంటే, సెలవులు ఎనిమిది రోజులూ ఎలా? ఆయాలు లేని దీవిలో? బకెట్ పందెమే నయం! పదింటికి మొదలై పదింబావుకు అయిపోతుంది. ఓడిపోవాలి. ఎలాగైనా మా ఆవిడ లేవాలి.

దగ్గాను. లేవలేదు. వంటింట్లోంచి పళ్ళెం తెచ్చి నేల మీద వదిలాను. మాస్టారి గుర్రు ఒక్క క్షణం ఆగి మళ్ళీ అందుకుంది.

"ష్, నాన్నా!" అంది సుడిగాలి నోటి మీద నీలం వేలు పెట్టుకుని. "అమ్మ నిద్రపోతోంది."

ఇక లాభం లేదని కుర్చీ దగ్గరికే వెళ్ళాను. భుజం మీద తడితే సరిపోతుంది. చెయ్యి చాపాను.

మా ఆవిడను పగటిపూట నిద్రలో చూసి నాలుగేళ్ళయింది. కనుబొమల మధ్య ఎప్పుడూ ఉండే ముడి లేదు. పెదవులు కొంచెం విడి ఉన్నాయి. నుదుటి మీద సన్నగా చెమట పట్టింది. నిజంగానే ఎక్కడో ఎండలో, అలల పక్కన పడుకున్నట్టుంది. నేను డబ్బాలో పుల్ల తిప్పుతూ తేలిన సముద్రంలో ఈవిడ లేనేలేదన్న సంగతి అప్పుడు గుర్తుకొచ్చింది.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. సుడిగాలిని ఎత్తుకుని నీలం వదిలించడానికి స్నానాలగదికి పోయాను. అరగంట రుద్దాను. చెవులు మాత్రం నీలంగానే మిగిలాయి.

అయిదింటికి మా ఆవిడ ఒళ్ళు విరుచుకుంది. మాస్టారు అప్పటికే లేచి, కాళ్ళు తవ్వుకుని, వచ్చే ఆదివారం కూడా దీవి ఉంటుందా అని అడిగి వెళ్ళారు.

"గెలిచారండీ," అంది. "పాప నన్ను లేపనే లేదు. మీ దీవికే వెళ్దాం."

"అదేంలేదోయ్. నాకెందుకో నీ దీవే మంచిదనిపిస్తోంది. ఆయాలు, డాక్టరు..."

"మీదే బుక్ చేసేశాను."

"ఎప్పుడు?"

"మీరు పాపను కడుగుతున్నప్పుడు. ఫోన్లోనే."

"అంటే నువ్వు మెలకువగానే ఉన్నావా?"

"రెండు గంటలు నిద్రపోయాను. పళ్ళెం చప్పుడుకు లేచాను. ఓరకంట చూస్తే మీరు ఓడిపోదామని తెగ ప్రయత్నిస్తున్నారు." నవ్వింది. "అప్పుడే నా దీవి బుక్ చేసేద్దామనుకున్నాను. ఇంతలో మీరు భుజం దాకా వచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నారు చూడండి, ఇక ఆయాలెందుకు, ఈయన చాలు అనిపించింది."

కాదనాలంటే ఆ చెయ్యి నేను వెనక్కి తీసుకోలేదని బొంకాలి.

"మరి నాకు నిద్రో?" అన్నాను చిన్నపిల్లాడిలా.

"అయ్యో, అదీ చూశాను. విమానంలో కిటికీ సీటు మీకే ఇప్పించాను. పాపను నాకు అటుపక్కన కూర్చోబెట్టుకుంటాను. మిమ్మల్ని ఎవరూ లేపరు. వెళ్ళేటప్పుడు రెండు గంటలు, వచ్చేటప్పుడు రెండు గంటలు. మొత్తం నాలుగు."