మైకాసురుడి గొంతు

ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో, ఎంత ఆలస్యమో బస్టాండు మైకులో చెప్పే ఉద్యోగం ఆయనది. తోటివాళ్లు ముద్దుగా మైకాసురుడంటారు. ఇరవై రెండేళ్లుగా చెప్పీ చెప్పీ, కాగితాన్ని మనసులో చదువుకోవడమనే విద్య మరిచిపోయాడు. ఆయన మందుసీసా మీది అక్షరాలు చదివితే పక్కింటివాళ్లు కూడా వేళకు మందు వేసుకునేవారు.

పగలు మైకు, రాత్రి గురక. గురకకు భార్య ఏనాడో అలవాటుపడింది. అది ఆగినప్పుడే ఆవిడ ప్రాణం పోయేది. ఒకటి, రెండు అని లెక్కపెడుతూ, పదిహేనుకు భుజం పట్టి కుదిపేది. "నిన్న కుదిపినా ఇరవై దాకా వెళ్లారండీ" అని పొద్దున కాఫీ గ్లాసు ఇస్తూ చెప్పేది.

నిద్రలో ఊపిరి ఆగే జబ్బని డాక్టరు తేల్చాడు. ముందు ముక్కుకు మాస్కూ, గొట్టమూ ఉన్న మిషను పెట్టుకుని పడుకోమన్నాడు, ఆపరేషన్ సంగతి ఆ తర్వాత చూద్దామన్నాడు. మైకాసురుడు బయటికొచ్చి భార్యతో మాత్రం ఆపరేషనొక్కటే దారట అన్నాడు. తొండం తగిలించుకుని పడుకుంటే మనవరాలు నవ్వుతుందని ఆయన బెంగ. అదే గొంతులో అడ్డొచ్చే కండ కత్తిరించేస్తే ఒక్కరోజులో పీడ విరగడవుతుంది.

"సరే, మీ ఇష్టం" అందావిడ. ముప్పై ఏళ్ల కాపురంలో ఆవిడ ఒక్క మాటకే ఒప్పుకోవడం అదే మొదలు. ఆయనకు అక్కడే అనుమానం రావలసింది.

వారం తర్వాత ఆసుపత్రికి వెళ్తే, చదివి సంతకం పెట్టమని నర్సు ఒక కాగితం ఇచ్చింది. కళ్లజోడు మరిచిపోయానని, మీరే చదివి వినిపించమని భార్య అంది.

కాగితం చేతికి రాగానే గొంతు దానంతటదే సవరించుకుంది.

"ప్రయాణికులకు గమనిక" అని మొదలెట్టి నాలిక కరుచుకున్నాడు. "ఆపరేషన్ తర్వాత రక్తస్రావం కావచ్చు. వారం దాటాక కూడా కావచ్చు. గొంతు వాచి ఊపిరి అందకపోవచ్చు. తాగిన నీళ్లు ముక్కులోంచి రావచ్చు."

హాలంతా వినపడింది. అదే ఆపరేషన్‌కు వచ్చిన పక్క బెంచీ పెద్దమనిషి చెప్పులు వెతుక్కుంటున్నాడు. అందరికీ అలా జరగదని నర్సు వెంటపడి నచ్చజెబుతోంది.

"తర్వాత?" అంది భార్య.

"గొంతు మారవచ్చు." ఆ మాట ఆవిడకే సరిగా వినపడలేదు. రేపు మైకు ముందు నిలబడితే ఎవరి గొంతో వస్తే? అసలేమీ రాకపోతే? కింది వాక్యం మరీ అన్యాయంగా ఉంది. ఇంతా చేశాక గురక మళ్లీ రావచ్చట.

"ఏమే, ముందు ఆ మిషను వాడి చూడమన్నాడు కదా డాక్టరు" అనేసి, రెండోసారి నాలిక కరుచుకున్నాడు.

"ఆపరేషనొక్కటే దారన్నారుగా?"

ఆయన ఫ్యాను వంక చూశాడు. ఆవిడ సంచి జిప్పు తీసింది. లోపల మిషను, దాని మాస్కు. మొన్న మంగళవారమే ఒంటరిగా వచ్చి డాక్టరును అడిగి తెలుసుకుందట. ఈ కాగితం ఆయన చేతికిమ్మని నర్సుకు చెప్పింది కూడా ఆవిడే.

"మీ మనవరాలు నవ్వితే నవ్వనివ్వండి" అంది. "ఇరవై తర్వాత లెక్కపెట్టడం నాకు చేతకాదండీ."

ఆయన మాస్కు ముక్కుకు పెట్టుకున్నాడు. ఆవిడ సంచి అడుగునుంచి కళ్లజోడు తీసి పెట్టుకుని, మిషను పుస్తకం తెరిచింది.

"ఇది నేను చదువుతాను. మీరు ఊపిరి పీల్చండి."