మా అత్తగారి ఎనిమిది సెకన్లు

ఆ శుక్రవారం పొద్దున మా ఇంట్లో గొడవ కొబ్బరి పచ్చడి దగ్గర మొదలైంది.

"పద్మా, మిక్సీ ఆపు! నా చెవులు!" అంటూ మా ఆయన రెండు చెవులూ మూసుకుని వంటింట్లోకి వచ్చారు.

"ఇడ్లీలోకి పచ్చడి వద్దా మీకు?"

"కావాలి. కానీ చెవులు ఇప్పుడే అలిసిపోతే ఇవాళ పని ఎలా చెయ్యను? కంసాలికి త్రాసు ఎంతో నాకు చెవి అంత."

"అయితే రోలు బాల్కనీలో ఉంది. త్రాసు పక్కన పెట్టి రుబ్బి తీసుకురండి."

పౌరుషానికి పోయి రుబ్బారు. పావుగంట తర్వాత గిన్నెలో కొబ్బరి ముక్కలు ముక్కలుగానే ఉన్నాయి. ఒక పచ్చిమిరపకాయ ఒంటికి గీత పడకుండా నన్నే చూస్తోంది. నలిగిందల్లా ఆయన బొటనవేలు.

"మిక్సీ పచ్చడిలో ఈ సహజత్వం ఉండదు" అన్నారు వేలు ఊదుకుంటూ.

మా ఆయన పేరు సత్యనారాయణమూర్తి. ఫిల్మ్ నగర్‌లో సౌండు మూర్తి అంటే గానీ ఎవరికీ తెలియదు. పాట రికార్డు చేసేది ఒకరు, కలిపేది ఇంకొకరు. ఆఖర్న ఆల్బంలోని పాటలన్నీ దగ్గర పెట్టుకుని, ఒకటి అరుస్తూ ఇంకొకటి గొణుగుతూ ఉండకుండా ఒక దారికి తెచ్చి పంపేది ఈయన. దాన్ని మాస్టరింగ్ అంటారు. ఇంట్లో మాత్రం ఈయనకు ఆ పని లేదు. ఆ ఉద్యోగం నేను కాపురానికి రాకముందే భర్తీ అయిపోయింది.

ఆ ఉద్యోగంలో ఉన్నది మా అత్తగారు, సీతామహాలక్ష్మి గారు. మద్రాసులో పద్దెనిమిదేళ్లు సినిమా పాటల్లో కోరస్ పాడి, తర్వాత సినిమావాళ్లతో పాటే హైదరాబాదు వచ్చేశారు. హీరోయిన్ చెలికత్తెలు, గుడిమెట్ల మీద భక్తులు, నాట్లు వేసే ఆడవాళ్లు, ఒక సినిమాలో దెయ్యాలు, అన్నిటి వెనకా ఆవిడ గొంతు ఉంది. రికార్డు మీద మాత్రం హీరోయిన్‌కు పాడిన గాయని పేరు, పక్కన 'మరియు బృందం'. "నా ఇంటిపేరు మరియు, ఒంటిపేరు బృందం" అని నవ్వేవారు.

ఆవిడ ఒంటరిగా పాడింది జీవితం మొత్తంలో ఒక్కసారి. రెండు వారాలు కూడా ఆడని ఒక సినిమాలో, పాట మొదలవకముందు, పెదవులు మూసుకుని తీసిన ఆలాపన. ఎనిమిది సెకన్లు.

ఇప్పుడు ఒక ఆడియో కంపెనీ ఇరవైనాలుగు పాత పాటలతో ఆల్బం వేస్తోంది. అందులో ఆ పాట కూడా ఉంది. కంపెనీ గోదాములో అసలు టేపు చెమ్మకు అట్టకట్టిపోయిందట. మా అత్తగారు తన దగ్గరున్న ఆ పాట గ్రామఫోన్ రికార్డును పాత పట్టుచీర ముక్కలో చుట్టి కొడుకు చేతిలో పెట్టారు.

"జాగ్రత్తరా సత్యం."

"నా పనే అది కదమ్మా!"

నిజం చెప్పొద్దూ, ఆయన ఒక మంచి పని కూడా చేశారు. జూబ్లీహిల్స్‌లో ఆ కంపెనీ ఆఫీసుకు మూడు రోజులు తిరిగి, ఆ పాట కింద 'ఆలాపన: సీతామహాలక్ష్మి' అని వేయడానికి ఒప్పించారు. ఎనిమిది సెకన్లకు పేరేమిటండీ అని వాళ్లు నవ్వినా వదల్లేదు. కంపెనీవాళ్లు పంపిన పాటల పట్టికను మా అత్తగారు భూతద్దం పెట్టుకుని నాలుగుసార్లు చదివారు. ఆ మధ్యాహ్నం ఎవరూ అడక్కుండానే బూరెలు వండారు.

ఆదివారం భోజనాల వేళకు ఇంట్లో అందరం పాట వినాలి. సోమవారం ఆల్బం వెళ్లిపోవాలి. అదీ ఏర్పాటు.

శుక్రవారం మూడింటికి నేను బియ్యం కోసం స్టోర్ రూంలోకి వెళితే, మా ఆయన బియ్యం బస్తాను కౌగిలించుకుని ఉన్నారు.

"ఏం చేస్తున్నారు?"

"ఏమీ లేదు. బస్తా సరిగ్గా నిలబడిందో లేదో చూస్తున్నాను."

"ఇన్నేళ్లూ అది మీ సాయం లేకుండానే నిలబడిందండీ. జరగండి."

బస్తా కింద పట్టుచీర ముక్క కనిపించింది. విప్పి చూశాను. రికార్డు నూనెలో వేసి తీసిన అప్పడంలా అలలు తిరిగి ఉంది.

కథ ఇదీ. పొద్దున స్టూడియోలో రికార్డులోంచి పాటను కంప్యూటర్‌లోకి ఎక్కించారు. సర్రుమనే సొదను శుభ్రం చేశారు. రికార్డును ఇంటికి తెద్దామని కారులో ముందు అద్దం కింద పెట్టి, దారిలో పెసరట్టు గుర్తొచ్చి ఆగారు. పెసరట్టు తర్వాత ఉప్మా కూడా గుర్తొచ్చింది. బయట ఏప్రిల్ ఎండ.

"పోనీలెండి, పాట కంప్యూటర్‌లోకి ఎక్కింది కదా?"

"ఎక్కింది. మళ్లీ స్టూడియోకి వెళ్లి వింటే, అమ్మ దిగిపోయింది."

"అంటే?"

ఆయన గోడకేసి చూస్తూ చెప్పారు. పాటేమీ లేని చోట, వట్టి సొద మాత్రమే ఉన్న ఒకటి రెండు సెకన్లు కంప్యూటర్‌కు వినిపించి, ఇలాంటిది పాటలో ఎక్కడున్నా తీసెయ్ అని చెప్పాలట. ఈయన ఆకలి మీద ఉండి, పాట మొట్టమొదటి రెండు సెకన్లు వట్టి సొదే అనుకుని వినిపించారు. అది మా అత్తగారి ఆలాపన మొదలు. అంత మెత్తగా ఎత్తుకున్నారు ఆవిడ.

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది.

"అంటే, కంప్యూటర్‌కు అత్తయ్య గొంతు వినిపించి, ఈ చప్పుడు ఎక్కడ దొరికినా తీసిపారెయ్ అన్నారు."

"అలా చెబితే వినడానికి బాగోదు పద్మా."

"లోకంలో ఏ కోడలూ ఇంతకు తెగించలేదండీ. పైగా ఆ పేరు మాకు!"

"అదంతా తర్వాత. పాట మీదే మళ్లీ పాట సేవ్ చేసేశాను. పాతది లేదు."

"నిహారిక కాలేజీ ప్రాజెక్టు పోయినప్పుడు, కూతుర్ని కూర్చోబెట్టి ఏదైనా మూడు చోట్ల దాచుకోవాలని గంటసేపు ఉపన్యాసం ఇచ్చారే?"

"ఆ ఉపన్యాసం మూడు చోట్లా ఉంది" అన్నారు దీనంగా.

అప్పుడు ఆయన ముఖంలో పథకం మొలవడం నేను కళ్లారా చూశాను. ముందు కనుబొమలు లేస్తాయి, తర్వాత నాకు పని పడుతుంది.

"పద్మా, నీ గొంతు అచ్చం అమ్మ గొంతులా ఉంటుంది."

"ఇరవైరెండేళ్లకు నా గొంతు బావుందన్నారు."

"బావుందనలేదు. అమ్మ గొంతులా ఉందన్నాను."

ఆ మాట అబద్ధం కాదు. నేను బి.ఎస్సీ. పట్టా, బోలెడు భయం పట్టుకుని ఈ ఇంటికి వచ్చాను. మా అత్తగారు నాకు పాట నేర్పుతానని ఎన్నడూ అనలేదు. కత్తిపీట ముందు కూర్చుని కూరలు తరుగుతూ కూనిరాగం తీసేవారు. నేను పొయ్యి దగ్గర అందుకునేదాన్ని. ఎక్కడైనా తప్పితే కత్తిపీట చప్పుడు ఆగేది. అంతే, మాట ఉండేది కాదు. సరిచేసుకుంటే మళ్లీ వంకాయ తెగేది. ఇప్పుడు ఏ పాట విన్నా ఏది సరైందో ఏది కాదో చెప్పగలనంటే అది ఆ కత్తిపీట పెట్టిన భిక్ష.

"ఆవిడ పేరు కింద నా గొంతా? నేను పాడను" అన్నాను.

మా ఆయన గడుసుదనమంతా జారిపోయింది. "అమ్మ పేరు మొదటిసారి పడుతోంది పద్మా. ఆ పేరు పక్కన ఏమీ వినబడకపోతే ఎలా?"

ఆ ఒక్క మాటకు పడిపోయాను.

శనివారం పదకొండింటికి మా అత్తగారు అపార్ట్‌మెంట్ హాల్లో భజనకు వెళ్లగానే నన్ను బాత్రూంలో నిలబెట్టారు. అక్కడైతే గొంతుకు గుండ్రదనం వస్తుందట. మైకును తువ్వాళ్ల కొక్కేనికి వేలాడదీసి, ఆయన బయట చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని నిలబడ్డారు.

మొదటిసారి ఎత్తుకోగానే కింద ఆటోలోంచి "ఉల్లిగడ్డలు" అని మైకు అరిచింది.

రెండోసారి తలుపు దబదబా మోగింది. మా ఇంట్లో పనిచేసే శకుంతలమ్మ.

"అమ్మా, గీ బాత్రూం కడగాలె. సారేమో చెవులకు డబ్బాలు పెట్టుకొని నిలబడ్డడు, మీరేమో లోపల మూలుగుతున్నరు. పానం మంచిగ లేదా ఏంది? డాక్టర్‌ను పిలవాల్నా?"

"శకుంతలమ్మా, కాసేపు మాట్లాడకు" అన్నారు మా ఆయన.

"నేనెందుకు మాట్లాడ్త సారూ, నాకేం పని? మా బోరబండల ఇంటెన్కనే రైలు పోతది, జర సుత పరేషాన్ కాము. గీడ ముక్కుతోని పాడితె ఊరంత సప్పుడు బంద్ చెయ్యాల్నట!" అని, మాట్లాడనని మరో అయిదు నిమిషాలు చెప్పింది.

మూడోసారి కుదిరింది. ఇక ఆయన స్టూడియోకు పరుగెత్తి, తన చేత్తో తీసేసిన సొద లాంటిదే ఇంకో పాత పాటలోంచి తెచ్చి, నా గొంతు మీద పులిహోరకు పోపు పెట్టినట్టు పెట్టారు. సాయంత్రం నాకు వినిపించారు. నేనే మోసపోయేంత బాగుంది. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

ఆదివారం ముద్దపప్పు, గుత్తివంకాయ, మజ్జిగపులుసు. అందరం బల్ల చుట్టూ కూర్చున్నాం. తింటూ పాట వినకూడదని మా అత్తగారు చెయ్యి కడుక్కుని వచ్చి, కళ్లు మూసుకున్నారు. మా ఆయన పాట పెట్టారు.

ఆలాపన వచ్చింది. మా అత్తగారి వేళ్లు ఒడిలో తాళం వేస్తున్నాయి. పాట అయిపోయాక కళ్లు తెరిచారు.

"బావుందిరా."

మా ఆయన టైరులోంచి గాలి పోయినట్టు ఊపిరి వదిలారు.

"చాలా బావుంది. పద్మా, ఆ చివర ఊపిరి ఎందుకు తెంపావు?"

నా చేతిలో గరిటె పప్పులో మునిగిపోయింది.

"అది నువ్వేనమ్మా!" అన్నారు మా ఆయన.

"నేనే అయితే ఆ కుళాయి ఎవరిదిరా? చుక్క చుక్కా పడుతోంది. మద్రాసులో మేము పాడిన గదిలో కుళాయి లేదే."

"నాన్నా, అది మన గీజర్ కింద కుళాయి! బాగుచేయించమని నెలనుంచీ చెబుతున్నాను" అంది మా అమ్మాయి నిహారిక. "ఒక నిమిషం. అమ్మ బాత్రూంలో పాడిందా?"

ఇక దాచడానికి ఏముంది? పెసరట్టుతో మొదలుపెట్టి అంతా ఒప్పేసుకున్నారు. బియ్యం బస్తా కింది అప్పడాన్ని తెచ్చి తల్లి ముందు పెట్టి తలొంచుకున్నారు.

"నా గొంతు సొదలా ఉందిరా నీకు?"

"నాకు కాదమ్మా, కంప్యూటర్‌కు."

"దానికి చెప్పిందెవరు?"

మా అత్తగారు ఆ రికార్డును అటూ ఇటూ తిప్పి చూశారు. ఆవిడ భుజాలు కదలడం చూసి ఏడుస్తున్నారనుకున్నాను. తీరా చూస్తే నవ్వుతున్నారు. కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా నవ్వి, లోపలికి వెళ్లి, ఇంకో పట్టు మూట తెచ్చి బల్ల మీద పెట్టారు. అందులో ఇంకో రికార్డు. కొత్తదానిలా మెరుస్తోంది.

"సంగీత దర్శకుడు గారు రికార్డు బయటికొచ్చిన రోజు నాకు రెండు ఇచ్చారు. నీకిచ్చింది నేను వినీ వినీ అరగదీసినది. దీని మీద ఇంతవరకు సూది పెట్టలేదు."

"మరి ఇది ముందే ఇవ్వచ్చు కదమ్మా!"

"నిన్ను కన్నదాన్నిరా. ఇస్తానా?"

నిహారిక పళ్లెంలోకి వంగి నవ్వు ఆపుకోలేకపోయింది. నాకు మాత్రం తలెత్తడానికి సిగ్గేసింది.

"తప్పయిపోయింది అత్తయ్యా. మీ పేరు కింద నేను పాడకూడదు."

"పాడకూడదు" అన్నారు ఆవిడ నిక్కచ్చిగా. తర్వాత నా చెయ్యి పట్టుకున్నారు. "కానీ యాభై ఏళ్లుగా నా గొంతు ఎక్కడ పోయిందని ఎవరూ వెతకలేదు పద్మా. మీరిద్దరూ బాత్రూంలో నిలబడి వెతికారు. అది నాకు చాలు. నీ గొంతు నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?"

నేను ఆవిడకు చెప్పాల్సిన కృతజ్ఞతలు ఆవిడే నాకు చెబుతుంటే ఏమనాలో తెలియక పప్పు వడ్డించాను. ఆవిడకు అప్పటికే వడ్డించి ఉంది. అయినా వద్దనలేదు.

మజ్జిగపులుసు దగ్గరకు వచ్చేసరికి మా అత్తగారు గొంతు సవరించుకున్నారు. ఆ సవరింపు వింటే మా ఇంట్లో ఫ్రిజ్ కూడా నిశ్శబ్దంగా ఉంటుంది.

"అందరూ వినండి. రేపు పొద్దున ఈ రికార్డు స్టూడియోకి వెళుతుంది. పద్మ ఒళ్లో పెట్టుకుని తీసుకెళుతుంది. సూది కూడా పద్మే పెడుతుంది. సొద ఉంటే ఉండనీ, వానలో మాట్లాడితే మాత్రం మనిషి గొంతు వినబడదా? నేను మెల్లగా పాడింది మెల్లగానే ఉండాలి, పెంచడాలు లేవు. ఇకనుంచి ఏ పాత పాట ఆల్బం అయినా పద్మ విని సరే అన్నాకే బయటికి వెళ్లాలి."

"మరి నేనేం చెయ్యాలి?" అన్నారు ఫిల్మ్ నగర్ సౌండు మూర్తి గారు.

"పద్మ చెప్పినప్పుడు మీటలు నొక్కు."

"అలాగేనమ్మా."

"నేనూ వస్తున్నాను. ఆ రోజుల్లో బృందం అంటే పన్నెండుమందిని ఒక్క వ్యాన్‌లో కుక్కి తీసుకెళ్లేవాళ్లు. ఎప్పుడూ వెనకే కూర్చున్నాను. రేపు కారులో ముందు సీటు నాది" అని చెప్పి, మా అత్తగారు ఇంకాస్త అన్నం పెట్టించుకున్నారు.