అంచు కుట్టిన ఎర్ర గుడ్డ

మనిషికీ అతని సామానుకీ ఉన్న బంధం పుట్టుకతో వచ్చింది కాదు, రశీదుతో వచ్చింది. ఈ సత్యాన్ని లోకంలో అందరికంటే ముందు గుర్తించింది రైల్వే లగేజి శాఖ. ఇంటి నుంచి స్టేషను దాకా పెట్టె మనది. కౌంటరులో ఇచ్చి రశీదు తీసుకున్న క్షణం నుంచి అది శాఖది. గమ్యంలో ఆ రశీదు తిరిగి ఇచ్చినప్పుడు మళ్ళీ మనదవుతుంది (అవుతుందని రశీదు వెనక సన్న అక్షరాల్లో ఉంది). ఈ రెండింటి మధ్యా దానికి మనం ఏమీ కాము. దారిలో ఎదురుపడినా చెయ్యి వెయ్యడానికి వీల్లేదు.

ఒకే రైల్లో వెళ్ళి దిగిపోయేవాళ్ళకు ఈ సంగతి ఎప్పటికీ తెలియకపోవచ్చు. జంక్షన్‌లో రైలు మారేవాళ్ళకే ఆ భాగ్యం. అక్కడ ప్రయాణికుడు మెట్ల వంతెన ఎక్కి, దిగి, ఆయాసపడుతూ ఇంకో ప్లాట్‌ఫారం చేరుకుంటాడు. సామాను మాత్రం తోపుడు బండి మీద కూర్చుని లిఫ్టులో వెళ్తుంది. లిఫ్టు తలుపు మీద 'సామానుకు మాత్రమే' అని రాసి ఉంటుంది. (మోకాళ్ళ నొప్పులున్న ఒక పెద్దాయన తననూ ఎక్కించుకోమని అర్జీ పెట్టుకుంటే, ముందు తూకం వేయించుకుని రమ్మన్నారట.)

మా మేనత్త కుట్టు మిషను ఈ మార్గంలోనే ప్రయాణం చేసింది.

అత్త దర్జీ. పనిచేస్తున్న కొట్టు మూతపడ్డాక మా ఇంట్లోనే ఉంటోంది. నాన్న ఆమెకు తమ్ముడు. ఆయన ఏమీ అనడు. ఏమీ అనకపోవడమే అత్తకు కష్టంగా ఉండేది. అలాంటప్పుడు దూరాన ఉన్న ఒక పెద్ద ఆసుపత్రి నుంచి కబురు వచ్చింది. దుప్పట్లు, దిండు గలీబులు, డాక్టర్ల కోట్లు కుట్టాలి. ఉండటానికి గది కూడా ఇస్తారు. షరతు ఒక్కటే: సోమవారం ఉదయం సొంత మిషనుతో హాజరు కావాలి. మిషను లేకుండా వచ్చినవారిని దర్జీగా గుర్తించరు.

అత్తది చేత్తో తిప్పే మిషను. ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్దామనుకుంది. కానీ బోగీలోకి యంత్రాలు తీసుకురాకూడదని నియమం ఉంది (రైలు కూడా యంత్రమే కదా అన్న అత్త వాదన కౌంటరులో చెల్లలేదు). అందుకని మిషనునీ, కత్తెరనీ, దారపు ఉండల్నీ చెక్కపెట్టెలో సర్ది లగేజిలో వేయాల్సి వచ్చింది. తోడుగా నన్ను పంపారు.

మా ఇంట్లో ఏ పెట్టె బయలుదేరినా నాన్న దాని పిడికి ఎర్ర గుడ్డ కడతాడు, దూరం నుంచే గుర్తుపట్టడానికి. ఒకసారి బాబాయి అలాంటి గుర్తేమీ లేకుండా వెళ్ళి, ఎవరో పళ్ళ డాక్టరు పెట్టెను మనదనుకుని ఇంటికి తెచ్చాడు. తెరిస్తే పెట్టె నిండా పళ్ళ అచ్చులు మమ్మల్ని చూసి నవ్వాయి. నానమ్మ ఆ పూట భోజనం చెయ్యలేదు. అప్పటినుంచి మా ఇంట్లో ఎర్ర గుడ్డ లేకుండా చేతిసంచి కూడా గడప దాటలేదు.

ఈసారి నాన్న పాత కర్టెను చింపి ఒక పీలిక తెచ్చాడు. అత్తకు అది నచ్చలేదు.

"ఏంట్రా ఇది? నాలుగువైపులా దారాలు వేలాడుతున్నాయి."

"గుర్తుకే కదక్కా."

"గుర్తుకైతే మాత్రం? దర్జీ పెట్టెకి ఇలాంటిది కడితే చూసేవాళ్ళేమనుకుంటారు? ఇలా తే."

సర్దిన మిషను మళ్ళీ బయటికి తీసి, నాలుగు అంచులూ మడిచి, మూలలు చక్కగా తిప్పి కుట్టింది. నాన్న దాన్ని పిడికి బిగించి ముడి వేశాడు. నాన్న వేసిన ముడి ఇంతవరకూ ఎవరూ విప్పలేదు, నాన్నతో సహా. మా అటక మీద పాత పెట్టెలన్నీ ఇంకా ఎర్ర గుడ్డలతోనే ఉన్నాయి.

జంక్షన్‌లో మేము వంతెన మీద ఉండగా, కింద తోపుడు బండి మా రెండో రైలు వైపు వెళ్ళడం చూశాం. అందరి పెట్టెలూ దాని మీద ఉన్నాయి. మా పెట్టె ఒక్కటే ప్లాట్‌ఫారం మీద, బడిలో క్లాసు బయట నిలబెట్టిన పిల్లలా ఉంది. ఎర్ర గుడ్డ వల్ల దూరం నుంచే గుర్తుపట్టాం.

అత్త పరుగున దిగి బండివాడిని పట్టుకుంది.

"ఏం బాబూ, మా పెట్టె వదిలేసి పోతున్నావు?"

"వదల్లేదమ్మా, ఆపాను. ఎర్ర గుడ్డ ఉంది కదా."

"అది గుర్తుకి మేము కట్టుకున్నదయ్యా."

"మీ గుర్తు మీది, మా గుర్తు మాది. లగేజికి ఎర్ర గుడ్డ ఉంటే ఆపి ఉంచమని అర్థం. పచ్చది కట్టుంటే ఈపాటికి రైల్లో హాయిగా పడుకునేది."

"అంతేనా? ఉండు, విప్పేస్తాను," అని అత్త వంగింది. బండివాడు ఈల ఊదాడు. ప్లాట్‌ఫారం అంతా మా వైపు చూసింది.

"ముట్టుకోకండమ్మా! అది మీది కాదు."

"నాది కాకపోతే మరి ఎవరిది?"

"మీదే. కానీ ఇప్పుడు కాదు."

నేను ఫోనులో శాఖవారి యాప్ తెరిచి చూశాను. 'మీ సామాను ప్రస్తుతం విశ్రాంతి తీసుకుంటోంది. దాని విశ్రాంతికి ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?' అని అడిగింది. ఒకటి ఇచ్చాను. 'మీ సామాను తరఫున ధన్యవాదాలు' అని వచ్చింది.

ప్లాట్‌ఫారం చివర 'అనుసంధాన సామాను నిలుపుదల కార్యాలయం' ఉంది. అందులో నిలుపుదల అధికారి ఉన్నారు. ఆయన కోటుకి పై గుండీ ఊడిపోయి, ఆ చోట పిన్నీసు ఉంది. మా మొర అంతా విని, పెట్టె దగ్గరికి వచ్చి, కళ్ళజోడు సర్దుకుని, గుడ్డ అంచుని వేలితో తడిమి చూశారు. డాక్టరు నాడి చూస్తున్నట్టు నాలుగు మూలలూ ఒక్కొక్కటే పట్టి చూశారు.

"ఎవరు కుట్టారమ్మా ఇది?"

"నేనేనండి."

"అద్భుతం," అన్నారాయన.

విషయం ఏమిటంటే, నిలుపుదల గుడ్డ అంటే నాలుగు అంచులూ మడిచి కుట్టినదై ఉండాలని నియమావళిలో ఉంది. శాఖ దగ్గరున్నవన్నీ పాత జెండాలు చింపిన పీలికలు. అంచు కుట్టని గుడ్డ చెల్లదు కాబట్టి, ఏ పెట్టెకి కట్టినా బండివాళ్ళు లెక్కచెయ్యకుండా రైలెక్కించేస్తున్నారు. ఆ కారణంగా ఇన్నేళ్ళూ అందరి సామానూ సవ్యంగా గమ్యం చేరిపోతోంది. ఈ ఘోరాన్ని ఆయన ఒంటరిగా భరిస్తూ వచ్చారు.

"హాలు చూడండి," అని జాలీ తలుపు తెరిచి చూపించారు. నేల అద్దంలా ఉంది. అరలకి అంకెలు వేసి ఉన్నాయి. ఎక్కడా ఒక్క సంచి లేదు. "రోజూ ఊడిపిస్తాను. నేను వచ్చినప్పటి నుంచి ఒక్క పెట్టె ఆగలేదమ్మా. మీదే మొదటిది."

"మీరు సంతోషిస్తున్నారు, బాగానే ఉంది నాయనా. నా రైలు వెళ్ళిపోతోంది."

"వెళ్ళండమ్మా. మిమ్మల్ని ఎవరూ ఆపలేదు. మీకు ఎర్ర గుడ్డ లేదు కదా."

అత్త బతిమాలింది. ఆయన కఠినుడు కాదు. గుడ్డని కట్టినవారే విప్పవచ్చునని ఒక వెసులుబాటు ఉందని తనే చెప్పి, నాన్నకు ఫోను కలపమన్నారు.

"ముడి వేసింది మీరేనా?"

"నేనేనండి!" నాన్న గొంతులో గర్వం ఫోను బయటికి కూడా వినిపించింది.

"వచ్చి విప్పగలరా?"

"రాగలను గానీ విప్పలేనండి. అది నా ముడి. కొయ్యాల్సిందే."

"కొయ్యడానికి కత్తెర ఉందా?" అని అధికారి అత్తను అడిగారు.

"ఉంది. పెట్టెలో."

అధికారి వేళ్ళు మడవడం మొదలుపెట్టారు. "పెట్టె తెరవాలంటే మీరు ముట్టుకోవాలి. ముట్టుకోవాలంటే అది మీదై ఉండాలి. మీది కావాలంటే గమ్యం చేరాలి. గమ్యం చేరాలంటే గుడ్డ పోవాలి. గుడ్డ పోవాలంటే కత్తెర కావాలి." చిటికెన వేలి నుంచి బొటనవేలి దాకా వచ్చి, మూసుకున్న పిడికిలిని తృప్తిగా చూసుకున్నారు. "అంతా సక్రమంగానే ఉందమ్మా. ఎక్కడా లోపం లేదు."

అప్పుడే మా రైలు కదిలింది. దానికి పచ్చజెండా ఊపారు. దాని అంచు కూడా కుట్టలేదని అత్త తర్వాత చెప్పింది.

అత్త ఆసుపత్రికి ఫోను చేసి, మిషను దారిలో ఆగిందని చెప్పుకుంది. బట్టల విభాగం పెద్దావిడ సానుభూతిగానే మాట్లాడింది. మిషను లేకుండా వస్తే దర్జీగా చేర్చుకోలేమనీ, కావాలంటే రోగిగా చేర్చుకుంటామనీ, మంచం ఖాళీగా ఉందనీ చెప్పింది.

అత్త జాలీకి ఇవతల బెంచీ మీద కూర్చుంది. అవతల, మొదటి అరలో, మిషను పెట్టె ఉంది.

"ఇంటికి పోదామా అత్తా?" అన్నాను.

"పోతే మీ నాన్న ఏమీ అనడే. అదే నా భయం."

ఆ మాట అధికారి చెవిన పడిందో లేదో తెలియదు. కాసేపటికి ఆయన టీ పట్టుకొచ్చారు. పక్కన నిలబడి, ఎంతో మొహమాటంగా, శాఖ పుట్టినప్పటి నుంచి నిలుపుదల దర్జీ అనే ఉద్యోగం ఖాళీగా ఉందన్నారు. గది కూడా ఉందట, హాలు వెనకే.

"కుట్టడానికి మిషనేది?" అంది అత్త.

"ఆగిన సామానుని శాఖ పనికి వాడుకోవచ్చని నియమం ఉందమ్మా. ప్రస్తుతం మా అధీనంలో ఒక మంచి మిషను ఉంది."

"అది నాదేగా!"

"ఇప్పుడు కాదు. కానీ ఉద్యోగంలో చేరితే మీరు నిక్షేపంగా ముట్టుకోవచ్చు. యజమానిగా కాదు, సిబ్బందిగా."

అత్త టీ తాగడం ఆపి ఆయన వైపు చాలాసేపు చూసింది. ఆయన వైపు కాదు, పిన్నీసు వైపు.

"ముందు ఆ కోటు విప్పి ఇలా ఇవ్వండి. గుండీ కుట్టకుండా మీతో మాట్లాడటం నా వల్ల కావడంలేదు."

సోమవారం ఉదయం అత్త సొంత మిషనుతో ఉద్యోగంలో చేరింది, అనుకున్న రోజుకే. ఊరు మాత్రం మారింది. నేను వెళ్ళొస్తానని చెప్పడానికి జాలీ దగ్గరికి వెళ్ళినప్పుడు పెట్టె మూత తెరిచి ఉంది. పిడికి ఎర్ర గుడ్డ అలాగే ఉంది. అత్త కత్తెరతో జెండాలు కత్తిరిస్తోంది.

"అత్తా," అన్నాను గుసగుసగా, "కత్తెర చేతిలోనే ఉందిగా. ఆ ముడి టక్కున కోసేస్తే సాయంత్రం రైలుకి ఆసుపత్రికి పోవచ్చు."

"ఛ, ఊరుకోవే. ఉద్యోగంలో ఉన్నదాన్ని. ఆపిన గుడ్డని నేనెలా కోస్తాను?"

తర్వాత సంగతులు పాఠకులకు అనుభవమే. ఈ మధ్య జంక్షన్లలో సామాను రావడంలేదని మీరంతా అనుకుంటున్నది నిజమే. శాఖ మాత్రం దీన్ని ప్రగతిగా భావిస్తోంది. నిలుపుదల హాలు నిండి, పక్కనే రెండోది కడుతున్నారు. నిలుపుదల అధికారికి పెద్దల నుంచి ప్రశంసాపత్రం వచ్చింది (అది పోస్టులో రాలేదు. లగేజిలో వచ్చింది కాబట్టి ప్రస్తుతం హాల్లోనే ఎక్కడో ఉంది).

మొన్న నేను టీచరు శిక్షణకు వెళ్తూ అదే జంక్షన్‌లో రైలు మారాను. నాన్న ఈసారి జాగ్రత్తపడి నా పెట్టెకి పచ్చ గుడ్డ కట్టాడు. కానీ ఇంట్లో అత్త లేదు కదా, అంచు ఎవరూ కుట్టలేదు. బండివాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "అంచు లేని పచ్చ చెల్లదమ్మా. చెల్లని గుర్తుంటే అనుమానించాలని కొత్త నియమం," అని జేబులోంచి ఒక ఎర్ర గుడ్డ తీసి పక్కన కట్టాడు.

నేను హాలు వైపు పరిగెత్తాను. అత్త కొంచెం ఒళ్ళు చేసింది. మిషను ముందు కూర్చుని ఉంది. జాలీ బయట ఒక ముసలాయన చేతులు కట్టుకుని నిలబడి, "ఆ మూలనున్న పెట్టె నాదండీ," అంటున్నాడు. అత్త చక్రం తిప్పడం ఆపలేదు.

"మీదే బాబూ. కానీ ఇప్పుడు కాదు."

నన్ను చూసి మొహం వెలిగింది. లేచి వచ్చి, నా పెట్టె లోపలికి వస్తుంటే ఎదురెళ్ళి, ముందుగా పచ్చ గుడ్డని పట్టుకుని చూసింది.

"ఎవడే ఇది కట్టింది? అన్నీ దారాలే."

"నాన్న."

"నేను లేకపోతే వాడింతే."

ప్లాట్‌ఫారం మీద నా రైలు కూత వేసింది. "అత్తా, నా బట్టలన్నీ అందులోనే ఉన్నాయి. రైలు వెళ్ళిపోతోంది," అన్నాను.

"వెళ్ళవే తల్లీ, ఆలస్యం చెయ్యకు. నిన్నెవరూ ఆపలేదుగా."

పరిగెత్తి ఎక్కాను. రైలు హాలు పక్కనుంచి మెల్లగా వెళ్తుంటే కిటికీలోంచి చూశాను. నా పెట్టెని అందరికీ కనిపించేలా ముందు అరలో పెట్టించింది అత్త. ఎర్ర గుడ్డ వల్ల దూరం నుంచే గుర్తుపట్టాను. ఒక్క మాట ఒప్పుకోవాలి, కుట్టు ఎక్కడా వంకర పోలేదు.