తిమోతి చెప్పీ చెప్పని మనవి

ఏ పనైనా ప్రార్థన చేశాకే మొదలుపెట్టాలన్నది తిమోతి నియమం. కూతురు షారోన్‌ను డిగ్రీలో చేర్పించినప్పుడే కాదు, ఇంట్లో పాత ఫ్యాను తీసి కొత్తది బిగించినప్పుడు కూడా ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. అందుకే ఆ గురువారం పొద్దున చాయ తాగుతూ అతడు వేసుకున్న పథకం చాలా చిన్నది. బడికి పోయి రావడం, సాయంత్రం ఆనందమ్మ ఇంట్లో జరిగే ప్రార్థన కూడికలో ఒక మాట చెప్పుకోవడం, ఇంటికి వచ్చి ఫోనులో ఒక చోట వేలు నొక్కడం. అంతే.

తిమోతి కరీంనగర్‌లో ఒక సర్కారు బడిలో రికార్డు అసిస్టెంటు. నెల కింద గ్రంథాలయం బీరువా దులుపుతుంటే ఒక పాత కామిక్ పుస్తకం దొరికింది. దుమ్ములో నిలబడే చదివాడు. కథానాయకుడు కొండ అంచు పట్టుకుని వేలాడుతుండగా పేజీలు అయిపోయాయి. చివరి నాలుగు ఎవరో చింపుకుపోయారు. యాభై ఏడేళ్ల మనిషి మూడు రోజులు ఆ వేలాడేవాడి గురించే ఆలోచించాడు. నాలుగో రోజు సిగ్గు విడిచి షారోన్‌తో చెప్పాడు.

"పాతయి ఎందుకు బాపూ? కొత్తయి మస్తు వస్తున్నయి. చందా కడితే నెలనెలా వాళ్లే పంపుతరు," అని షారోన్ ఫోనులో మూడు కంపెనీలను చూపించింది.

ఒకటి ఫోనులోనే చదువుకునేది. పుస్తకాలకు లెక్కే లేదు, కానీ బొమ్మను వేలితో నూకుతూ చదవడం తిమోతికి రుచించలేదు. రెండోది బెంగళూరుది. నెలకో పెట్టె వస్తుంది, అందులో ఏముందో విప్పేదాకా తెలియదు. అది ఊరించింది కానీ అంతా ఇంగ్లిషు. మూడోది హైదరాబాదుది. తెలుగులో అచ్చయిన కొత్త పుస్తకం తపాలాలో ఇంటికే వస్తుంది. కానీ కింద ఒకాయన "పోయిన నెలది ఇంకా రాలేదు" అని రాశాడు, ఇంకొకాయన "వచ్చింది, వానకు తడిసి వచ్చింది" అని రాశాడు. మూడింటికీ తగ్గింపు ధర ఆదివారం వరకే. మూడు వారాలు దాటినా తిమోతి ఎటూ తేల్చుకోలేకపోయాడు.

"కూడికల చెప్పి ప్రార్థన చేయించుకోరాదు?" అన్నది భార్య హెప్సిబా.

"కామిక్ పుస్తకాలని ఎట్ల చెప్పాలె? నవ్వుతరే."

"నవ్వనియ్యి. నవ్వితే నీ పండ్లు రాలుతయా?"

రాలవు. కానీ తిమోతి పదకొండేళ్లుగా సంఘ పెద్ద. పైగా ఆనందమ్మ స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు, చిన్నప్పుడు అతనికి ఆదివారపు బడి చెప్పిన మనిషి. బొమ్మల పుస్తకాలు పాలపండ్లు ఉన్నవాళ్లకని ఆమె అభిప్రాయం.

ఆ కూడికలో ఒక మంచి ఆనవాయితీ ఉంది. పైకి చెప్పుకోలేని బాధ ఏదైనా ఉంటే "ఒక మనవి ఉన్నది" అని ఊరుకోవచ్చు. ఏమిటని ఎవరూ అడగరు, అందరూ ప్రార్థిస్తారు. తిమోతి కూడా అక్కడితో ఆగితే బాగుండేది. కానీ దేవుడికి వివరాలు తెలియకపోతే ఎలా అనుకున్నాడో ఏమో, సగం చెప్పాడు.

"నాకొక మనవి ఉన్నది. మూడు చూసినం. ఒకటి బెంగళూరుది, ఒకటి హైదరాబాదుది, ఇంకోటి ఫోన్లనే అయిపోయేటిది. ఆదివారం లోపల తేల్చుకోవాలె. దాటితే మళ్ల అవకాశం ఉండదంటున్నరు. ఏది మంచిదో దేవుడే చూపాలె."

హెప్సిబా అప్పుడు వంటింట్లో చాయ గ్లాసులు సర్దుతోంది.

"ఎన్ని దినాల సంది కొడుకా?" ఆనందమ్మ మెల్లగా అడిగింది.

"నెల దాటింది. మనసులనే పెట్టుకున్న."

"షారోన్‌కు తెల్సా?"

"ఆ పిల్లనే అన్ని చూసి చెప్పింది."

ఆనందమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. తర్వాత ఆమె చేసిన ప్రార్థనలో "నీ సేవకుని ఆయుష్షు నీ చేతిల ఉన్నది తండ్రీ" అన్న మాట రెండుసార్లు వచ్చింది. ఆనందమ్మ ప్రార్థన ఎప్పుడూ కొంచెం దూరం పోయి వస్తుందనుకుని తిమోతి ఆమెన్ అన్నాడు. ఇంటికి వచ్చాక కూడా మనసుకు ఏమీ తోచలేదు. జవాబు ఆదివారం లోపల రాకపోదని ఫోను పక్కన పెట్టాడు.

శుక్రవారం పొద్దున పళ్లు తోముకుంటూ వాకిట్లోకి వస్తే, పక్కింటి సుదర్శన్‌రావు ప్రహరీ అవతల నాలుగు కొబ్బరి బోండాలు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"తిమోతీ, నిలవడకు. జర కూసో."

"ఏమైంది సార్?"

"నాకు అంతా తెల్సింది. ఏం ఫికర్ చెయ్యకు. నీ పేరు మీద వేములవాడ రాజన్న గుడిల కోడెను కడుతనని మొక్కిన. మీ మతంల పట్టింపు ఉంటదేమో. నా మొక్కు నా ఇష్టం, నువ్వు అడ్డం రాకు."

తన పేరు మీద ఎందుకు మొక్కాడో తిమోతికి అర్థం కాలేదు. బడికి పోతే ప్రధానోపాధ్యాయురాలు నర్మద, "మీరెందుకొచ్చిండ్రు? సెలవు చీటీ నేనే రాయించిన. ఇంటికి పోండ్రి," అని అటెండర్ బండి మీద తిరిగి పంపించింది. ఇంటికొచ్చేసరికి పాస్టరుగారు కుర్చీలో ఉన్నారు. ఆనందమ్మ గిన్నెనిండా రాగిజావ తెచ్చి పెట్టింది. తాను మాత్రం ఆదివారం దాకా ఉపవాసమట.

"బెంగళూరు ఆసుపత్రే ఖాయం చేసుకుంటే మా బామ్మర్ది అక్కడనే ఉంటడు. ఉండనీకి ఇబ్బంది కాదు," అన్నారు పాస్టరుగారు.

అప్పుడు వెలిగింది తిమోతికి. మొదట నవ్వొచ్చింది. ఆనందమ్మ ఎండిన పెదవులు చూసి ఆ నవ్వు ఆగిపోయింది. ఆలస్యం చేసేకొద్దీ ఉపవాసాలు పెరుగుతాయని తోచి, గొంతు సవరించుకుని "అయ్యగారూ, మీరనుకున్నట్టు కాదు..." అని మొదలుపెట్టాడు.

సరిగ్గా అప్పుడే వాకిట్లో ఆటో ఆగింది. అందులోంచి ఒక సంచి, ఒక కోడి, వాటి వెనక మొగిలి దిగారు.

మొగిలి తిమోతికి సొంత అన్న. ఉండేది లక్సెట్టిపేటలో. ఇద్దరికీ మాటలు లేక ఏడేళ్లు. మొగిలి కొడుకు అనిల్ కుమార్ పెండ్లి కార్డులో తిమోతి పేరు అన్నిటికన్నా కింద, పిల్ల తరపు మేనమామ తర్వాత అచ్చయింది. తిమోతి పెండ్లికైతే వెళ్లాడు కానీ విస్తరి ముందు నుంచి తినకుండా లేచి వచ్చాడు. నిండు పందిట్లో తమ్ముడు అన్నం కాదనుకుని లేచిపోయాడని మొగిలి, కార్డు మీద కిందికి తోశాడని తిమోతి, ఇద్దరూ పట్టిన పట్టు విడవలేదు. ఆ తర్వాత రెండు ఇండ్లలోనూ శుభకార్యాలు జరిగాయి. పిలుపులు మాత్రం అటు ఇటు పోలేదు.

మొగిలి గడప దగ్గర చెప్పులు విడిచి, లోపలికొచ్చి, తమ్ముణ్ణి పైనుంచి కిందికి చూశాడు.

"తమ్మీ," అన్నాడు. "గిట్లయితివేందిరా?"

తిమోతి జవాబు చెప్పేలోపే హెప్సిబా అతణ్ణి వంటింట్లోకి లాగింది.

"ఇప్పుడు చెప్పినవనుకో, బావ గదే ఆటోల ఎనుకకు పోతడు."

"మరి అబద్ధం కాదా?"

"నువ్వు ఏం చెప్పినవని అబద్ధం? ఊకుండు."

ఊరుకున్నాడు. అబద్ధం ఆడలేదు, నిజమూ చెప్పలేదు. ఈ రెండింటికీ మధ్య ఎంత దూరముంటుందో తిమోతికి ఇంతకు ముందు ఆలోచించే అవసరం పడలేదు.

మొగిలి సంచిలోంచి నేలవేము కట్ట తీశాడు. దాన్ని నాలుగు గ్లాసుల నీళ్లలో వేసి ఒక గ్లాసయ్యేదాకా మరిగించి, తెచ్చి తమ్ముడి చేతిలో పెట్టాడు. అంత చేదు ఈ భూమ్మీద పెరుగుతుందని తిమోతి ఎరగడు.

"ఒక్క గుక్కల తాగు. పొద్దున ఒకటి, మాపటికి ఒకటి."

"అన్నా, జర బెల్లం..."

"బెల్లం కలిపితే గుణం పోతది."

కోడిని ఆ మధ్యాహ్నమే కోశారు. కూర వాసన వీధి చివరిదాకా పోయింది. తిమోతి ముందుకు ఉప్పూ కారమూ లేని గంజి వచ్చింది. మొగిలి ఎదురుగా కూర్చుని తొడ ముక్క చీకుతూ, "నీకు పెట్టాలనే ఉన్నది తమ్మీ. కని అరగదు," అని దయగా చెప్పాడు. షారోన్ ఎందుకో పళ్లెం పట్టుకుని వేరే గదిలోకి పోయి తిన్నది.

శనివారం నాలుగో గ్లాసు తర్వాత తిమోతి మంచం మీద కూలబడ్డాడు. మొగిలి నేల మీద కూర్చుని, తమ్ముడి కాలు తన ఒళ్లో పెట్టుకుని గోళ్లు తీయడం మొదలుపెట్టాడు.

"కార్డు అచ్చుకు ఇచ్చేముందు నేను చదువలేదురా," అన్నాడు మొగిలి తల ఎత్తకుండానే. "పిల్ల తరపువాళ్లు రాసిచ్చింది రాసిచ్చినట్టే ఇచ్చిన. చూసుకుంటే అయిపోయేటిది. తప్పు నాదే."

"అన్నం ముందలికెల్లి లేచుడు నాది తప్పు."

"అది మరీ పెద్ద తప్పు."

"అవునన్నా."

"ఇంకో కాలు పెట్టు."

తిమోతికి కళ్లలో నీళ్లు తిరిగాయి. మూడింటిలో ఒక దారి చూపమని దేవుణ్ణి అడిగితే, అడగడమే మానేసిన నాలుగోది తెచ్చి గుమ్మంలో దింపాడు. కానీ నిజం కాని జబ్బు మీద నిలబడ్డ అన్నప్రేమ ఎన్నాళ్లు నిలుస్తుంది? ఇలాంటి తప్పుడు దారిన దేవుడు మేలు పంపుతాడా, లేక ఇది తన నోరు చేసిన పనికి దేవుడి పేరు పెట్టుకోవడమా? అతనికి తేలలేదు. నిజం చెబితే అన్న పోతాడు. చెప్పకపోతే రేపు ఆరాధనలో సంఘమంతా తన తల మీద చేతులుంచి లేని రోగం కోసం ఏడుస్తుంది. ఆ ఏడుపు వింటూ తల వంచుకుని కూర్చోవడం తన వల్ల కాదని మాత్రం తెలిసింది.

ఆదివారం పాటలయ్యాక పాస్టరుగారు పిలిచారు. "తిమోతిగారూ, ముందుకు రండి. పెద్దలందరూ వచ్చి చేతులుంచండి."

తిమోతి ముందుకు వెళ్లాడు. కానీ మోకరించలేదు. సంఘం వైపు తిరిగి నిలబడ్డాడు.

"నన్ను మాఫ్ చెయ్యాలె," అన్నాడు. "నాకు ఏ రోగం లేదు. నేను ఎంచుకోవాలనుకున్నయి ఆసుపత్రులు కావు. కామిక్ పుస్తకాలు. నెలనెలా ఇంటికొస్తయి. మూడు కంపెనీలున్నయి. సిగ్గై చెప్పలే. మీరు వేరే అనుకున్నరని తెల్సినంక కూడా మా అన్న పోతడని బుగులుతోని ఊకున్న."

వెనక బల్లలో పిల్లలు కిసుక్కుమన్నారు. ఆనందమ్మ నెమ్మదిగా లేచింది.

"మూడు దినాలు!" అన్నది. "మూడు దినాలు మంచినీళ్ల మీద ఉన్న తిమోతీ. బొమ్మల పుస్తకాలకా?"

"అవునమ్మా."

"ప్రాణమైతే దక్కింది గదా," అని ఆమె ఎటూ కాని ముఖంతో కూర్చున్నది. "స్తోత్రం. ఎవరన్నా జర చాయ పెట్టుండ్రి."

తిమోతి అన్న కోసం చూశాడు. మొగిలి తలకాయ దించుకుని, మూతికి తువ్వాల అడ్డం పెట్టుకుని, మగవాళ్ల బల్ల దాటి బయటికి నడిచిపోతున్నాడు. భుజాలు అదురుతున్నాయి. తిమోతి ఆరాధన మధ్యలోనే వెనకాల పరుగెత్తాడు. మొగిలి చెప్పుల కుప్ప దగ్గర గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"అన్నా! పోకే. నీ కాళ్లు మొక్కుత."

మొగిలి తువ్వాల తీశాడు. అతడు ఏడవడం లేదు. నవ్వి నవ్వి కళ్లలో నీళ్లొచ్చాయి.

"లోపట నవ్వితే ఆనందమ్మ ఊకుంటదారా? గందుకే బయటికొచ్చిన."

"నీకు కోపం రాలేదా?"

"నాకు శుక్రవారం పొద్దుగాలనే తెల్సు. మా ఊళ్లె ఉండే ఆనందమ్మ చెల్లె వచ్చి నీ సంగతి చెప్పంగనే, ఏ దవాఖానో అడుగుదామని షారోన్‌కు ఫోన్ చేసిన. పిల్ల ఉన్నదున్నట్టు చెప్పింది. మీ బాపుతోని అనకు, నేను వస్తున్న అని చెప్పి బస్సెక్కిన."

"తెల్సి కూడా... మరి ఆ కషాయం?"

"ఏడేండ్ల కోపం ఊకెనే పోతదారా? ఐదు గ్లాసులకు పోయింది."

"ఎరుకైనంక ఎందుకొచ్చినవన్నా?"

మొగిలి కాలితో చెప్పులు వెతుక్కున్నాడు.

"మంచికి పిలిస్తేనే రావాలె. కష్టానికి పిలువకున్నా రావచ్చు," అన్నాడు. "ఏడేండ్లు చూసిన. నీకు ఒక్క కష్టం రాకపాయె. నేనెట్ల రావాలె?"

లోపల మళ్లీ పాట అందుకున్నారు. తిమోతి అన్న చెప్పుల జత వెతికి ముందు పెట్టాడు. అడిగినవాడికీ ఇచ్చినవాడికీ మధ్య ఇంతమంది చేయి పెట్టి ఇంత గందరగోళం చేసినా మనవి మాత్రం తప్పిపోకుండా ఎక్కడికో చేరిందని అనిపించింది. సుదర్శన్‌రావు అయితే మొక్కు మొక్కేనని మరుసటి సోమవారం వేములవాడ పోయి కోడెను కట్టే వచ్చాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నమే, గడువు ముగిసేలోగా అన్నదమ్ములిద్దరూ షారోన్ ఫోను మీద వంగారు. మొగిలి మూడింటినీ చూసి, ఫోనులోది కళ్లకు చేటన్నాడు, బెంగళూరుది చూడకుండ చేసే గుడ్డి బేరమన్నాడు. హైదరాబాదుది ఖాయమైంది. తడిసినా తెలుగే తడుస్తుంది, ఎండబెట్టుకుని చదవొచ్చన్నాడు. పుస్తకం ఏ ఇంటికి పంపాలని షారోన్ అడిగింది.

"లక్సెట్టిపేట రాయి బిడ్డా," అన్నాడు మొగిలి. "పెద్దోన్ని నేనా, మీ బాపా? మొదలు నేను చదువుత. ఆయన వచ్చి చదువుకుంటడు."

పుస్తకాలు చక్కగా వస్తున్నాయి. ఇంటికే తెచ్చి ఇచ్చే చందా కట్టినందుకు తిమోతి నెలనెలా లక్సెట్టిపేట బస్సెక్కుతున్నాడు.